వెల్ల కింద ఊరు

ఆ గోడ మీద ఏం రాసి ఉందో చదవలేకపోవడం కొంతకాలంగా నన్ను వేధిస్తోంది. చెరిగిపోయిన రాతైతే పోనీలే అనుకునేవాణ్ణి. ఇక్కడ అక్షరాలు మరీ ఎక్కువయ్యాయి. నల్లటి లావు అక్షరాల వరస ఒకటి, దాని సందుల్లోంచి తొంగిచూసే అంతకంటే పాత వరస, వాటి వెనక ఎర్రమట్టి రంగులో ఏదో తీగ అంచు, ఎవరిదో బట్ట కుచ్చెళ్లలాంటి గీత. ఒక మాట పట్టుకుని చదవబోతే అది మధ్యలో మరో శతాబ్దపు మాటలోకి జారిపోతుంది. ఇంగ్లండ్‌లో నేనుండే స్విండన్ నుంచి ఉత్తరంగా కాస్త దూరం వెళితే, థేమ్స్ ఒడ్డున ఇంగిల్‌షమ్ అనే చోట ఉందా గోడ. సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి. మన పల్లెల్లో ఓ మోస్తరు రామాలయమంత ఉంటుంది, గోపురం లేదు, పడమటి కొసన రెండు గంటలు వేలాడే చిన్న రాతి గూడు మాత్రం ఉంది. సెలవు రోజుల్లో నది వెంబడి నడిచే అలవాటుతో మొదట అటు వెళ్లాను. ఇప్పుడు నడకకంటే ఆ గోడ కోసమే వెళుతున్నాననిపిస్తుంది. చదవలేనని తెలిసిన రాత ముందు మనిషి ఎందుకు నిలబడతాడు?

ఇంగిల్‌షమ్‌ని ఊరనాలో అనకూడదో తేల్చుకోలేను. చర్చి, దగ్గర్లో కొద్దిపాటి ఇళ్లు, ఆపైన పచ్చిక. రోడ్డు పక్కన ఎగువ ఇంగిల్‌షమ్ అని ఇంకో గుప్పెడు ఇళ్లున్నాయి. మధ్యయుగాల్లో ఇక్కడొక ఊరుండేది, మెల్లగా ఖాళీ అయిపోయింది. చర్చి పక్క పొలాల్లో గడ్డి కింద ఆ మిట్టపల్లాలు ఇంకా కనబడతాయి. పొద్దు వాలుతున్నప్పుడు ఏటవాలు ఎండలో ఆ పల్లాల్లో నీడలు నిండి, ఇళ్లు ఇక్కడ, బాట అక్కడ అని పోల్చుకోవడానికి వీలవుతుంది. మిట్టమధ్యాహ్నం వెళితే ఉత్త గడ్డి బీడు. గొర్రెలు మేస్తుంటాయి.

ఇక నది. లండన్‌లో వంతెన మీంచి చూసిన థేమ్స్‌కీ దీనికీ సంబంధముందంటే నమ్మబుద్ధి కాదు. గౌతమీ గోదావరి ఒడ్డున పుట్టిన నాకు దీన్ని నది అనడానికి మొదట్లో నోరు రాలేదు. కోల్న్ అనే చిన్న ఏరు ఇక్కడే వచ్చి దీంట్లో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరే ఒకప్పుడు కాలవ కూడా కలిసేది. 1789లో తెరిచిన థేమ్స్-సెవర్న్ కాలవ అది. తూర్పున లండన్ వైపు పారే నీళ్లని పడమటి సముద్రం వైపు పారే సెవర్న్ నదితో కలపాలని, దారిలో కొండ అడ్డొస్తే సాపర్టన్ దగ్గర మూడున్నర కిలోమీటర్ల సొరంగం తవ్వి మరీ తెచ్చారు. కాలవ కాపలాదారు కోసం కట్టిన గుండ్రటి రాతి ఇల్లు ఇప్పటికీ ఆ గట్టున ఉంది. రైళ్లొచ్చాయి, సున్నపురాతి నేలలో నీళ్లు నిలవక ఇంకిపోయాయి, 1927లో ఈ వైపు కాలవని వదిలేశారు. అంతకు చాలా ముందే, 1815 వేసవి చివర్లో, కవి షెల్లీ, అతని సహచరి మేరీ, మిత్రుడు పీకాక్ పడవలో నదికి ఎదురెక్కి వచ్చి, ఇంగిల్‌షమ్ దాటాక నీళ్లు తగ్గి, నాచూ తుంగా అడ్డుపడి వెనక్కి మళ్లారు. పక్కనున్న లెచ్‌లేడ్ చర్చి ఆవరణ మీద షెల్లీ ఓ కవిత రాశాడు. ఇంగిల్‌షమ్ మీద ఏమీ రాయలేదు. పెద్దవాళ్లు దాటిపోయే చోటు ఇది. అలా దాటిపోయిన చోట్ల కథ ఎవరు రాసిపెడతారు?

ఇంగ్లండ్‌లో దీనికో జవాబుంది, అది తెలిసినప్పుడు నాకు అసూయ కలిగింది. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చీ దాని చుట్టూ ఉన్న గడపలూ పొలాలూ కలిసిన ప్రతి చోటా, ఒక పుస్తకం పెట్టాలి. ఆ వారంలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మట్టి చేసిన శవాలు, అన్నీ ఆదివారంనాడు చర్చి పెద్దల ఎదుట పాదిరి అందులో రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచాలి. కొత్త పన్నేదో వెయ్యడానికే ఈ లెక్కలని జనం భయపడ్డారట. ఎలిజబెత్ రాణి కాలానికి వచ్చేసరికి, కాగితాల మీదున్నవన్నీ తోలు కాగితం మీదకి ఎత్తి రాయమన్నారు. దేశమంతటా కూలివాడూ భూస్వామీ ఒకే పుస్తకంలో ఒకరి కింద ఒకరుగా చేరారు. మా నాయనమ్మ ఎప్పుడు పుట్టిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే తను పుట్టిన ఏడు వచ్చిన గోదావరి వరదని గుర్తుగా చెప్పేది. ఏ వరదని అడిగితే, గట్టు తెగిన వరద అనేది. గట్లు ఎన్నిసార్లు తెగలేదు? ఆవిడ పేరు మొదటిసారి ఏ కాగితం మీదకి ఎక్కిందో ఊహించబోతే నాకు రేషన్ కార్డు తప్ప ఏదీ తోచదు.

అయితే ఆ పుస్తకాన్ని చూసి మురిసిపోవడం ఎంతవరకు సబబు? పారిష్ అన్నది ఆప్యాయతల గూడు మాత్రమే కాదు. 1601 పేదల చట్టంతో ఏ పారిష్ పేదల్ని ఆ పారిష్షే పోషించాలని పెట్టారు. 1662లో, బయటి ఊరి పేదవాడు వచ్చి చేరితే నలభై రోజుల్లోగా తిప్పి పంపవచ్చన్నారు. అప్పట్నించి పారిష్ సరిహద్దు పేదవాడి బతుకులో గోడైంది. నెలలు నిండిన దిక్కులేని ఆడవాళ్లని, బిడ్డ తమ హద్దులో పుడితే ఖర్చు తమ మీద పడుతుందని, రాత్రికి రాత్రి పక్క పారిష్ పొలిమేరకి తోలేసిన సంఘటనలు ఎన్నో చోట్ల నమోదయ్యాయి. అదే కాలంలో శవాన్ని ఉన్ని బట్టలోనే పూడ్చాలనీ, అలా పూడ్చామని ప్రమాణ పత్రం ఇవ్వాలనీ ఇంకో చట్టం వచ్చింది. దేశంలో ఉన్ని అమ్ముడవ్వాలి మరి. ఇంగిల్‌షమ్‌కి ఉత్తరాన ఉన్నదంతా గొర్రెల నేల, ఉన్ని సొమ్ముతో పెద్ద పెద్ద చర్చీలు లేచిన నేల. ఆ సిరి ఈ నది ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయిందనుకుంటాను. ఇక్కడి చర్చిని పదమూడో శతాబ్దం మొదట్లో కట్టుకున్నారు. ఆ తర్వాత దాన్ని కూలదోసి గొప్పగా కట్టేంత డబ్బు ఈ ఊరికి ఎప్పుడూ చేరలేదు.

ఆ లేమి వల్లే ఆ గోడ మిగిలింది. మొదట పదమూడో శతాబ్దంలో దాని మీద బొమ్మలు వేశారు. చదువురాని రైతులకి స్వర్గమూ నరకమూ తీర్పుదినమూ రంగుల్లో చూపించడం అప్పటి రివాజు. తర్వాతి తరంవాళ్లు వాటి మీదే వాళ్ల కాలపు బొమ్మలు వేసుకున్నారు. 1540ల చివర్లో ఆరో ఎడ్వర్డ్ పాలనలో, బొమ్మలు విగ్రహారాధన అని దేశమంతా చర్చి గోడలకి వెల్ల కొట్టమన్నారు. ఎలిజబెత్ వచ్చాక తూర్పు గోడ మీద పది ఆజ్ఞలు రాయించమన్నారు. బొమ్మ పోయి మాట వచ్చింది. ఆ మాటలు పాతబడ్డాక మళ్లీ సున్నం, మళ్లీ కొత్త అక్షరాలు, కొత్త అంచులు. ఇలా పంతొమ్మిదో శతాబ్దం దాకా. కొన్ని చోట్ల ఏడు పొరలదాకా ఉన్నాయంటారు. ఇప్పుడు అక్కడక్కడా పెచ్చులూడి, అన్ని కాలాలూ ఒకేసారి బయటపడ్డాయి.

ఆ వెల్ల కొట్టిన కూలివాడి గురించి ఎక్కువగా ఆలోచిస్తుంటాను. బకెట్‌లో సున్నం కలుపుకుని, కుంచె ముంచి, తన తాతలు మొక్కిన బొమ్మ కళ్ల మీంచి అడ్డంగా ఒక్క పూత లాగి ఉంటాడు. చేయి వణికిందా? లేకపోతే కూలి గిట్టిందని సంతోషించాడా? పైనుంచి ఉత్తర్వొచ్చింది, చర్చి పెద్దలు పిలిచారు, వచ్చాడు, కొట్టాడు, వెళ్లాడు. ఎడ్వర్డ్ తర్వాత రాణి మేరీ కాలంలో మళ్లీ పాత కాథలిక్ మతం వచ్చి, ఆవిడ పోయాక మళ్లీ కొత్త మతం వచ్చి, ఓ పదేళ్లు తిరక్కుండానే అంతా తారుమారైన రోజులవి. పల్లెటూరివాడికి ఏ దేవుణ్ణి ఎలా మొక్కాలో ఎంత తికమకగా ఉండి ఉంటుంది! వింతేమిటంటే, బొమ్మని మాపాలని పూసిన సున్నమే దాన్ని కాపాడింది. పొగ నుంచి, చెమ్మ నుంచి, వెలుతురు నుంచి మూడు నాలుగు వందల ఏళ్లు దాచిపెట్టింది. పూజించే చేతులు తడిమి తడిమి అరగదీసే రంగుల్ని, కాదన్నవాడి వెల్ల భద్రంగా ఉంచింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు విశ్వాసమంటే ఏమిటి, ద్రోహమంటే ఏమిటి అన్న లెక్కలు సరిగా కుదరవు.

అక్కడే దక్షిణపు గోడలో ఒక రాయి ఉంది. ఈ చర్చికంటే పాతది, ఆంగ్లో-శాక్సన్ కాలపుది. మేరీమాత ఒళ్లో బాలయేసు. తల్లి బిడ్డ మీదకి బాగా వంగి ఉంటుంది, చుబుకం దాదాపు బిడ్డ తలని తాకుతుందా అన్నట్టు. పైనుంచి దేవుడి చెయ్యి ఒకటి బిడ్డని చూపిస్తుంటుంది. ఏ పేరున్న శిల్పీ చెక్కింది కాదు, చేతులు మరీ పొడుగు, వేళ్లు మొరటు. కాని ఆ వంగడం మాత్రం నిజమైన తల్లి వంగడం. ఈ రాయి చాలాకాలం చర్చి బయటి గోడకే ఉండేది. ఆ రోజుల్లో ఎవరో దాని మీద సూర్యగడియారం గీతలు గీశారు. మధ్యలో పుల్ల గుచ్చడానికి ఒక చిల్లి, దాని చుట్టూ కిరణాల్లా గీతలు. దేవుడి తల్లి మీద గీతలు గీయడానికి మనసెలా ఒప్పింది అని మొదటిసారి చూసినప్పుడు నొచ్చుకున్నాను. తర్వాత అనిపించింది, ప్రార్థన వేళ తెలియడానికి ఎండ బాగా పడే రాయి కావాలి, అది దక్షిణపు గోడకి ఉంది. కోతలకి వెళ్లే మనిషి పొద్దెంతయిందో చూసుకోవడానికి రోజూ ఆమె వంక తిరిగేవాడు. అంతకన్నా రోజువారీ మొక్కు ఏముంటుంది? 1910లో ఆ రాయిని లోపలికి తెచ్చిపెట్టారు. వానకి తడవడం తప్పింది, ఎండా తప్పింది. గీతల మీద ఇప్పుడు నీడ తిరగదు.

ఈ చర్చిని ఇలా ఉంచిన మనిషి విలియమ్ మోరిస్. కవి, అల్లికలూ అచ్చు బొమ్మలూ గీసినవాడు, సోషలిస్టు. 1871 నుంచి ఇక్కడికి దగ్గర్లోని కెల్మ్‌స్కాట్‌లో పాత రాతి ఇల్లొకటి అద్దెకి తీసుకుని ఉండేవాడు. విక్టోరియా రాణి కాలంలో పాత చర్చీల్ని ‘పునరుద్ధరించే’ ఉత్సాహం దేశమంతా ముంచెత్తింది. గోడల సున్నం రాతిదాకా గీకెయ్యడం, పదిహేడు పద్దెనిమిది శతాబ్దాల చెక్క బల్లలు పీకెయ్యడం, పదమూడో శతాబ్దం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుని కొత్తగా కట్టడం. ట్యూక్స్‌బరీ మఠపు చర్చికి ఆ గతి పట్టబోతోందని తెలిసి మోరిస్ 1877లో పత్రికకి ఉత్తరం రాశాడు, అదే ఏడాది పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. గీకొద్దనే వాళ్ల సంఘమని దానికి ముద్దుపేరు వచ్చింది. ఇంగిల్‌షమ్ చర్చి పడిపోయే స్థితికి వస్తే, చందాలు పోగుచేసి, మికిల్‌త్వెయిట్ అనే వాస్తుశిల్పి చేత 1888-89లో మరమ్మతు చేయించాడు. కప్పు బాగుచేశారు, గోడలు నిలబెట్టారు. అంతకుమించి ముట్టుకోలేదు. ఎత్తు పలకల తలుపులున్న పెట్టెల్లాంటి బల్లలు, పదిహేనో శతాబ్దపు చెక్క తెరలు, తలపైన చెక్క గొడుగున్న ప్రసంగపు పీఠం, వంకరపోయిన రాతి నేల, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ కాలాన్నీ ఎంచుకోకపోవడం ఆయన చేసిన పని. పదమూడో శతాబ్దపు చిత్రకారుడికీ, అతన్ని కప్పేసినవాడికీ, ఆ కప్పినదాని మీద రాసినవాడికీ సమానంగా చోటిచ్చాడు.

ఇంతవరకు నేను పూర్తిగా మోరిస్ పక్షమే. ఆ తర్వాతే తడబడతాను. ఎందుకంటే ఈ చర్చిలో ఇప్పుడు వారం వారం ఆరాధన లేదు. మొక్కేవాళ్లు తగ్గిపోయిన చర్చీల్ని చూసుకునే ట్రస్టు ఒకటి దీన్ని చూసుకుంటోంది. నిపుణులు వచ్చి, పొరల మధ్య ఊడిపోతున్న సున్నాన్ని సన్నటి సూదులతో అతికి వెళుతుంటారు. అంతా పొందికగా ఉంది, మనుషులే లేరు. చెక్కు చెదరకుండా ఉండాలంటే ముందు జనం ఖాళీ అవ్వాలా? జనమున్న గుడి మారకుండా ఎలా ఉంటుంది? మా ఊళ్లో శివాలయం గోదావరి గట్టు దిగువన ఉంది. ముఖమండపం స్తంభాల మీద ఏవో శిల్పాలున్నాయని చిన్నప్పుడు చేతికి తగిలేవి తప్ప కంటికి కనబడేవి కావు, అంత మందాన సున్నం. ఏటా శివరాత్రికి ముందు ఒక పూత పడేది. ఒక స్తంభం మీద సున్నం పెచ్చు లేచి, కింద నర్తకి పాదమూ దాని మీది గజ్జెలూ బయటపడ్డాయి. మేం పిల్లలం గోళ్లతో ఇంకాస్త గీకి, మోకాలిదాకా తేల్చాం. తర్వాతి శివరాత్రికి మళ్లీ తెల్లగా మూసుకుపోయింది. అప్పుడు ఏడుపొచ్చినంత పనైంది గానీ, ఇప్పుడాలోచిస్తే ఆ పూత వేసింది గుడిని ప్రేమించేవాళ్లే. పండక్కి ఇల్లు తెల్లగా ఉండాలి, దేవుడి ఇల్లు ఉండొద్దా?

ఆమధ్య ఆ గుడికే జీర్ణోద్ధరణ అన్నారు. కమిటీలో మా బాబాయి ఉన్నాడు. స్తంభాలకి ఇసక కొట్టి సున్నం లేపేసి పాలిష్ పెట్టించాలనీ, గోడలకి టైల్స్ వెయ్యాలనీ, ముఖమండపం పైన రేకుల షెడ్డు తీసి స్లాబు పొయ్యాలనీ అంచనా. చందా కోసం నాకు ఫోన్ చేశాడు. నేను మోరిస్ సంగతి, ఈ గోడ సంగతి ఏకధాటిగా చెప్పుకుపోయాను. ఓపిగ్గా విన్నాడు.

“ఒరేయ్, నువ్వు చెప్పేది బానే ఉంది. నువ్వు చూసే గుళ్లో దీపం ఎవరు పెడతార్రా?” అన్నాడు.

ఎవరూ పెట్టరన్నాను.

“ఇక్కడ పొద్దున్నే అయిదింటికి పూజారి గారు తలుపు తీస్తారు. వానొస్తే ఆయన నెత్తి మీద కారుతోంది. లింగం మీద అభిషేకం నీళ్లకంటే కప్పు నీళ్లు ఎక్కువ పడుతున్నాయి. నేను దాని సంగతి చూడాలా, స్తంభం మీద సున్నం సంగతి చూడాలా?”

దానికి నా దగ్గర జవాబు లేదని ఒక్క క్షణం అనుకున్నాను. కాని ఉంది, ఇంగిల్‌షమ్‌లోనే ఉంది. మోరిస్ కూడా అక్కడ కప్పు బాగుచేయించాడు. ఆయన సంఘం చెప్పిందల్లా, రోజూ కనిపెట్టుకుని చిన్న చిన్న మరమ్మతులు చేస్తూ ఉండమనే. కారేచోట పూడ్చు, వంగినచోట ఊతమివ్వు, బాగానే ఉన్నదాని జోలికి పోకు. కప్పుకి పెట్టే డబ్బుకి అడ్డం రావడానికి నర్తకి ఏం చేసింది? పైగా ఇసక కొట్టించడమంటే సున్నంతోపాటు రాతి పై చర్మం కూడా లేచిపోతుంది, గజ్జెల గీతలు మొండిబారిపోతాయి. ఆ సున్నం పొరలన్నీ మా ఊళ్లో ఒక్కో శివరాత్రికి ఒక్కో ఇంటివాళ్లు పెట్టిన ఖర్చు. పూత వేసినవాళ్ల పేర్లు మా ఊళ్లో ఏ పుస్తకంలోనూ లేవు, మాకు రెండు తాళాల పెట్టె లేదు. వాళ్లున్నారనడానికి ఆ సున్నమొక్కటే సాక్ష్యం. ఇదంతా బాబాయికి చెప్పాను, ఈసారి నిదానంగా.

“అయితే గీకొద్దంటావు, కొత్త సున్నం వెయ్యమంటావా?” అన్నాడు.

వెయ్యమన్నాను. వేస్తూ ఉండమన్నాను. నిజంగానే అనుకుని అన్నాను, ఆ గోడ ముందు నిలబడి నిలబడి నాకు తేలింది అదే. కప్పే పూత గుడిని చంపదు. గీకే చెయ్యే చంపుతుంది. ఏనాటికైనా ఎవరికైనా ఆ నర్తకిని చూడాలనిపిస్తే అప్పటి నేర్పున్న చేతులు పొర పొరగా విప్పుకుంటాయి. స్లాబుకి నా వంతు పంపిస్తానన్నాను. స్తంభాలకి మాత్రం సిమెంటు పెయింటు వద్దు, నానబెట్టిన గుల్ల సున్నమే వెయ్యించమని బతిమాలాను.

గుల్ల సున్నం కాల్చేవాళ్లు ఇప్పుడెక్కడున్నార్రా అన్నాడు. కాకినాడ అవతల, సముద్రం ఒడ్డున ఎవరో ఇంకా బట్టీ పెడుతున్నారని పూజారి గారు అంటున్నారట. కనుక్కుని చెబుతానన్నాడు.